పలుపు ఎవరి చేతిలో ఉంది

కుబాత్ శవం వంతెన కింద రాళ్ల మధ్య దొరికింది. బిష్కెక్‌లో ఓ గ్రంథాలయంలో కేటలాగ్ పని చేసే మనిషి. గుండెపోటని డాక్టరు రాశాడు.

"వాడిది గుర్రం గుండె. ఎవరో ఆపారు," అన్నాడు కర్నల్ జపార్, కిటికీ తెర లాగేస్తూ.

ఏజెంట్ ఎర్మెక్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మాట పొదుపు మనిషి.

"కుబాత్ మనవాడే. డ్యామ్‌ల భద్రత మీద సబ్జెక్ట్ గైడ్ కడుతున్నాడు. ఏ పుస్తకం, ఏ మాన్యువల్ ఎక్కడుందో ఒక్కచోట చూపించే పేజీ. లింకులన్నీ ఉమ్మడి ఆన్‌లైన్ కేటలాగ్ నుంచి తీసుకుంటారు. నానా దేశాల లైబ్రరీలూ అందులో తమ లింకులు వేస్తాయి. కావాల్సినవాళ్లు తమ గైడ్‌లో తగిలించుకుంటారు."

"చిక్కెక్కడ సార్?"

"తగిలించుకున్నా ఆ లింకు వేసినవాడిదే. వాడు మారిస్తే అందరి గైడ్‌లలోనూ మారుతుంది."

ఎర్మెక్ కొండల్లో పశువుల మధ్య పెరిగినవాడు. "పక్కింటి గుర్రం మన కొట్టంలో ఉంది. పలుపు వాడి చేతిలో ఉంది."

"అదే. రేపు పదింటికి కోక్-జార్ డ్యామ్ ఇంజనీర్లకు ట్రైనింగ్. కంట్రోల్ రూమ్ కంప్యూటర్ మీదే గేట్ల మాన్యువల్ లింకు నొక్కుతారు. ఆ లింకు వేసిన విదేశీ సంస్థ మనిషి, హాల్‌బర్గ్, అప్పుడే దాన్ని మారుస్తాడు. మాన్యువల్ బదులు వైరస్ దిగుతుంది. గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి."

మంచు కరిగే కాలం. డ్యామ్ అంచుదాకా నిండి ఉంది. దాని కింద మొదటి ఊళ్లోనే ఎర్మెక్ చెల్లెలి ఇల్లు. ఆ సంగతి తెలిసిన కర్నల్ అతని కళ్లలోకి చూడలేదు.

"డ్యామ్‌కి ఫోన్ చేస్తే?"

"అక్కడా వాడి మనుషులున్నారు. ఎవరో తెలీదు. లింకు పీకినా వాడికి తెలిసిపోతుంది, ఇంకో దారి వెతుక్కుంటాడు. పైకి లింకు అలాగే ఉండాలి. పలుపు తెగాలి. వాడు మీట నొక్కుతూ దొరకాలి."

"లోపల మనవాళ్లెవరు?"

"పెరిజాత్. హెడ్ లైబ్రేరియన్. మన మనిషే." కర్నల్ సిగరెట్ నలిపేశాడు. "వాళ్లూ అలాగే అనుకుంటున్నారు."

మర్నాడు ఉదయం పాత గోధుమరంగు కోటు, మందపాటి కళ్లద్దాలతో ఎర్మెక్ గ్రంథాలయం మెట్లెక్కాడు. ఓష్ పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన కేటలాగరు. ఉన్ని టోపీ మడతలో రిసీవర్ ఉంది.

పెరిజాత్ గదిలో సోఫా మీద హాల్‌బర్గ్ కూర్చుని ఉన్నాడు. ఉమ్మడి కేటలాగ్ సలహాదారట. ఒళ్లో ల్యాప్‌టాప్. పెరిజాత్ మెడలో ఎర్ర పట్టు స్కార్ఫ్. నవ్వితే గది వెలుగుతుంది. కళ్లు మాత్రం నవ్వవు. ఆమె గిన్నె అడుగున కాస్త టీ పోసి ఎర్మెక్‌కి ఇచ్చింది.

"పిసినారితనం మేడం! పాపం అంత దూరం నుంచి వచ్చాడు," అన్నాడు హాల్‌బర్గ్.

"కొంచెం పోస్తేనే కదా మళ్లీ పోసేది. ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే, ఇక లేచి వెళ్లమని."

"ఇన్నేళ్లుగా నాకు తెలియనే తెలియదు!"

"మీకెవరూ నిండా పోయలేదన్నమాట," అంది పెరిజాత్. "ఇంకా."

ఆమె గుండ్రటి రొట్టె తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టింది.

ఎర్మెక్ చెయ్యి దానంతటదే కదిలింది. రొట్టె బోర్లా పెట్టడం ఇక్కడ మహాపాపం; చిన్నప్పుడు ఇంట్లో అలా పెడితే వీపు చిట్లేది. ఈవిడ ఊరికే అలా పెట్టదు. హాల్‌బర్గ్‌కి పట్టలేదు, వెన్న కోసం చూస్తున్నాడు. ఎర్మెక్ రొట్టె ఎత్తి తిప్పాడు. బల్లకు ఆనిన వైపు అంటించిన పల్చటి కీ కార్డు అతని అరచేతిలోకి జారింది.

"నా బల్ల ఎక్కడక్కా?"

"పక్క గది. కుబాత్‌ది. దుమ్ముంటుంది, నువ్వే తుడుచుకో తమ్ముడూ. తొందరగా."

కార్డు పెట్టగానే కుబాత్ కంప్యూటర్ తెరుచుకుంది. గైడ్. భద్రత. గేట్లు. మాన్యువల్ లింకు పక్కన సొంతదారుగా హాల్‌బర్గ్ సంస్థ పేరు ఉంది. ఆ కిందే ఓ చిన్న గడి: సొంత ప్రతిగా మార్చు. పలుపు తెగేది అక్కడే. కుబాత్ ఇక్కడిదాకా వచ్చే చచ్చిపోయాడు.

ఎర్మెక్ నొక్కాడు. అసలు మాన్యువల్ నత్తలా దిగసాగింది.

"ఇంజనీర్లు కూర్చున్నారు," అంది టోపీలో కర్నల్ గొంతు.

వెనక తలుపు కిర్రుమంది. చల్లని ఇనుము మెడకు తగిలింది. హాల్‌బర్గ్ అంగరక్షకుడు.

"ఏం చేస్తున్నావురా?"

"దుమ్ము తుడుస్తున్నా."

"తుడిచింది చాలు. లే."

"ఒక్క మచ్చ మిగిలింది బాబూ," అంటూ ఎర్మెక్ చిటికెన వేలితో 'సేవ్' నొక్కాడు. ఆ వెంటే మోచెయ్యి వెనక్కి విసిరాడు. తుపాకీ పేలింది. గుండు సీలింగులో దిగింది, వాడు నేల మీద కూలాడు. అవతల గోడ గడియారం పది కొట్టడం మొదలుపెట్టింది.

ఎర్మెక్ పెరిజాత్ గదిలోకి పరిగెత్తేసరికి హాల్‌బర్గ్ వేలు ఇంకా మీట మీదే ఉంది. "మారలేదేం? కేటలాగ్‌లో మారింది, గైడ్‌లో మారలేదేం?" అంటున్నాడు. అతని వెనక కర్నల్ మనుషులు నిలబడ్డారు.

"గేట్లు కదల్లేదు," అన్నాడు కర్నల్ టోపీలోంచి. "మాన్యువల్ చదువుతూ ఇంజనీర్లు ఆవలిస్తున్నారు."

ఎర్మెక్ గోడకు ఆనుకున్నాడు.

పెరిజాత్ తాపీగా టీ కూజా ఎత్తి హాల్‌బర్గ్ గిన్నె అంచుదాకా నింపింది. బేడీల చేతులతో అతను దాన్ని చూశాడు. ఈసారి ఎవరూ అర్థం చెప్పలేదు.

అందరూ వెళ్లాక ఎర్మెక్ అడిగాడు. "అక్కా, కుబాత్ సంగతి వాళ్లకు చెప్పిందెవరు?"

పెరిజాత్ స్కార్ఫ్ సవరించుకుని, అతని గిన్నెలో టీ పోయసాగింది. అంచు దాటేదాకా ఆపలేదు.