పారేసిన స్పీకర్

మిషిగన్‌లో జనవరి చీకటికి తొందరెక్కువ. మధ్యాహ్నం తిన్నది అరక్కముందే వచ్చి వాకిట్లో నిలబడుతుంది. ఆ రోజు చీకటి పడేవేళకి మార్లిస్ గ్యారేజీలో ముక్కాలిపీట మీద కూర్చుని, మొగుడి కారు డ్యాష్‌బోర్డు కిందికి టార్చిలైటు పట్టుకుని ఉంది. లోపల వెల్లకిలా పడుకుని వైర్లు కలుపుతున్నది మొగుడి స్నేహితుడు లైల్.

కారు పంతొమ్మిది వందల డెబ్బయ్యో సంవత్సరం నాటిది. ఎర్రటి ఒళ్ళు, దాని మీద నల్ల చారలు, ఊరు ఊరంతా తిట్టుకునే ఇంజను. పోయినేడాది దాకా అది ఆమె మొగుడు డ్వేన్‌ది. డ్వేన్ ఈ గ్యారేజీలోనే, ఆ స్టీరింగు ముందే, గుండె ఆగి పోయాడు. ఆ సాయంత్రం లైల్ ఇద్దరికీ కోనీ డాగులు, అదే ఉల్లిపాయలు చల్లిన సాసేజి రొట్టెలు, తేవడానికి వెళ్ళాడట. తిరిగొచ్చేసరికి స్నేహితుడు సీట్లో ఒరిగిపోయి ఉన్నాడట. మార్లిస్ అప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంది. లైల్ ఆ కబురు చెబితే అతని భుజం మీదే పడి ఏడ్చింది.

ఆ భుజం అప్పట్నుంచీ ఆమెని వదల్లేదు. వాకిట్లో మంచు ఎత్తిపోసింది, గడ్డకట్టిన పైపులు బాగుచేసింది, ఆదివారాలు చర్చిలో పక్కనే కూర్చుంది. క్రిస్మస్ నాడు లైల్ పెళ్ళి మాట ఎత్తాడు. కారులో కొత్త సౌండ్ సిస్టమ్ మోగిన రోజున జవాబు చెబుతానంది మార్లిస్. సరేననాలని లోపల ఎప్పుడో అనుకుంది. ఒంటరి వంటింట్లో ఒకే ఒక్క కప్పు కడుక్కోవడం ఆమెకి రోత పుట్టింది.

ఆ సౌండ్ సిస్టమ్ ఆమె అడిగింది కాదు. ఆకులు రాలే రోజుల్లో లైల్ ఈ కారుని పాత కార్ల మేళాకి తోలుకెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందంటే, ఆ పాత స్పీకరు గరగర భరించలేకపోయానని, దాన్ని పీకేసి కొత్తవి పెట్టేస్తానని అన్నాడు. అది మొదలు చూసినప్పుడల్లా అదే మాట.

పాత కార్లవాళ్ళకి మడీ ఆచారం బాగా ఎక్కువ. డ్యాష్‌బోర్డుకి కొత్తగా ఒక్క కంత కూడా పెట్టనివ్వరు. ఎంత ఖరీదైన సరంజామా అయినా కంటికి కనపడకుండా ఉండాలి. ఆంప్లిఫయరు సీటు కింద దాగాలి, స్పీకర్లు కాళ్ళ దగ్గరి పలకల వెనక నక్కాలి. ఇక కారుతో పుట్టిన ముక్క ఏదైనా, తుప్పుపట్టిన మర అయినా సరే, పారేస్తే మహాపాపం. దానికి చీటీ కట్టి పెట్టెలో దాచాలి. కారు చేతులు మారితే ఆ పెట్టె కూడా వెంట వెళ్ళాలి. ఎవరో పాత అద్దం చెత్తలో వేశాడని తెలిసి, లైల్ అతనితో మాటలు మానేశాడు. అంత పట్టింపు మనిషి.

"లైటు వైర్ల మీద పట్టు, నా బట్టతల మీద కాదు," అన్నాడు లైల్ కిందనుంచి.

"అదే ఎక్కువ మెరుస్తోంది మరి, నన్నేం చెయ్యమంటావ్?" అంది మార్లిస్.

లైల్ నవ్వి, నోట్లోని పుదీనా బిళ్ళ పటుక్కున కొరికాడు. సిగరెట్లు మానినప్పట్నుంచీ అతనికి ఆ అలవాటు. కాసేపటికి లేచి చేతులు తుడుచుకుని, పని అయిపోయిందనీ, కోనీలు తెస్తాననీ, తిని పాట పెట్టుకుందామనీ అన్నాడు. గ్యారేజీ షట్టరు అడుగున రబ్బరు మంచుకి నేలకి అతుక్కుపోయి ఉంది. ఎండలు ముదిరితే గానీ అది లేవదు. అందుకని వంటింట్లోంచే బయటికి వెళ్ళాడు. వంటింటికీ గ్యారేజీకీ మధ్య ఒకటే తలుపు. రకూన్లనే దొంగ జంతువులు దూరి పాలూ రొట్టే తినిపోతున్నాయని దానికి వంటింటి వైపు ఇనప గడియ బిగించాడు డ్వేన్, బతికున్న రోజుల్లో.

మార్లిస్ సామాను సర్దింది. పాత రేడియో, దాని గుండీలు, తీగల చుట్ట అన్నీ చీటీలతో సహా పెట్టెలో ఉన్నాయి. స్పీకరు లేదు.

బల్ల కింద చూసింది. సీట్ల వెనక చూసింది. చివరికి చెత్త డబ్బా మూత తీసింది. కాఫీ పిప్పి కింద, నూనె గుడ్డల కింద, డబ్బా అడుక్కంటా తోసి ఉంది. పైగా దాని కాగితపు గుండ్రాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచిన చిల్లులు.

మార్లిస్‌కి మనసు చివుక్కుమంది. పొరపాటున పడింది కాదిది. డ్వేన్ బిడ్డలా చూసుకున్న కారు ముక్కని, అందునా లైల్... ఆమె దాన్ని బయటికి తీసి స్వెట్టరు అంచుతో తుడిచింది. పెళ్ళయిన కొత్తలో డ్వేన్ ఇదే స్పీకరు ఊడదీసి చూపించిన సంగతి గుర్తొచ్చింది. స్పీకరూ మైకూ ఒక తల్లి బిడ్డలే మార్లీ, అన్నాడు. దీని ముందు మాట్లాడితే ఇదీ వింటుంది. మనం అడగం గనక చెప్పదు, అంతే.

గ్యారేజీ నిశ్శబ్దంగా ఉంది. చల్లటి ఇనుము వాసన, నూనె వాసన. వాటి అడుగునుంచి ఇంకో వాసన మెల్లగా లేచింది. పాత రేడియో వేడెక్కినప్పుడు వచ్చే కాలిన దుమ్ము వాసన. రేడియో పెట్టెలో ఉంది. స్పీకరు ఆమె చేతుల్లో ఉంది, తీగలు గాల్లో వేలాడుతున్నాయి.

చేతుల్లో అది సన్నగా వణికింది.

గర్ర్...

"...ఒరే లైల్... మాత్రలు..."

డ్వేన్ గొంతు.

"...ఆ అరలోనే... అందడం లేదురా..."

అవతల ఎవరో ఉన్నారు. పటుక్కుమని బిళ్ళ కొరికిన చప్పుడు. డ్యాష్‌బోర్డు అర తెరిచిన చప్పుడు... మాత్రల సీసా గలగల... మళ్ళీ మూసిన చప్పుడు. దానికి తాళం తిరిగింది.

"వద్దులే డ్వేన్. కాసేపు ఓర్చుకో."

చంటిపిల్లాణ్ణి జోకొట్టినంత మెత్తగా అన్నాడు లైల్.

"...మార్లీకి... చెప్పరా..."

"మార్లిస్‌ని నేను చూసుకుంటాలే."

తర్వాత రేడియో గొంతు పెరిగింది. ఏదో హుషారు పాట. పాట కింద ఎగశ్వాస... ఒకటి... ఇంకొకటి... తర్వాత పాట ఒక్కటే.

మార్లిస్ నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. వచ్చింది ఏడుపు కంటే నీచంగా ఉంది. ఈ మనిషికా తను దణ్ణాలు పెట్టింది? శవపేటిక దింపుతుంటే తనని పట్టుకున్నది ఈ చెయ్యేనా? తాళం తిప్పిన ఆ చెయ్యేనా? నమ్మించి ఒకణ్ణి చంపాడు. నమ్మించి ఇంకొకర్ని ఇంటికి తీసుకెళ్ళబోతున్నాడు. సరేననడానికి తను పొద్దున్నే జుట్టు కూడా దువ్వుకుంది.

వీధి తలుపు చప్పుడైంది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, స్పీకరుని స్వెట్టరు లోపల పొట్టకి అదుముకుని నిలబడింది. ఉల్లిపాయల వాసనతో లైల్ వచ్చాడు. పొట్లం బల్ల మీద పెట్టి, నేరుగా గ్యారేజీలోకి దిగి కారెక్కాడు. ఇంజను ఆన్ చెయ్యకపోతే కొత్త ఆంప్లిఫయరుకి బ్యాటరీ చాలదని, ఒక్క పాటేనని, ఆ వంటింటి తలుపు తెరిచి ఉంచమని చెప్పాడు.

ఇంజను ఉరిమింది. అలమరలో గిన్నెలు కొట్టుకున్నాయి.

మార్లిస్ గడప మీద నిలబడి అడిగింది. "ఆ రోజు డ్వేన్ నీతో ఏమైనా అన్నాడా, లైల్?"

"ఏమంటాడు పాపం. నేనొచ్చేసరికే అయిపోయిందిగా," అన్నాడు లైల్. బిళ్ళ పటుక్కుమంది. "నువ్వే ఏదో అంటానన్నావు ఇవాళ. ముందు పాట విను."

కారు అద్దం పైకెత్తుకున్నాడు. కొత్త స్పీకర్లు మోగాయి. గొప్పగా మోగాయి, ఆ మాట ఒప్పుకోవాలి. లైల్ కళ్ళు మూసుకుని స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. వెనకనుంచి నీలపు పొగ నేల మీద పాకుతూ వస్తోంది. ఈ ఇంజను పొగతో ఆటలొద్దు మార్లీ, అనేవాడు డ్వేన్. తల తిరుగుతోందని తెలిసేసరికి తాళం తిప్పి ఇంజను ఆపే ఓపిక కూడా ఉండదు.

స్వెట్టరు లోపల స్పీకరు వెచ్చబడింది.

గర్ర్...

"...మార్లిస్..." దగ్గు. "మార్లిస్... తలుపు తియ్యి..."

లైల్ గొంతు.

ఆమె కారు వైపు చూసింది. లైల్ హాయిగా తలాడిస్తున్నాడు. దగ్గడం లేదు. పెదవులు కదలడం లేదు. వంటింటి తలుపు బార్లా తెరిచే ఉంది.

"...తలుపు తియ్యి మార్లిస్... నీకు దణ్ణం పెడతా..."

గోళ్ళతో చెక్కని గీకుతున్న చప్పుడు. ఆ తర్వాత ఇంకో గొంతు. ఆడగొంతు. నెమ్మదిగా, జోకొడుతున్నట్టు.

"వద్దులే లైల్. కాసేపు ఓర్చుకో."

అది మార్లిస్ గొంతు. ఆ మాట ఆమె అనలేదు. అనాలని అనుకోను కూడా లేదు.

వేళ్ళకి ఏదో చల్లగా తగిలితే తల దించి చూసింది. తలుపు సగం మూసి ఉంది. ఆమె చెయ్యి గడియ మీద ఉంది.