పైపెదవి మీది నూగు

సృష్టిలో ఒక్క రోమాన్నైనా నిష్కారణంగా మొలిపించని జగజ్జననికి నమస్కరించి ఈ కథను ఆరంభిస్తున్నాను.

ఒక ఊళ్ళో ఒక తల్లి తెల్లవారగానే ఇంటి ముందుగదిలోని తన బ్యూటీ పార్లర్ తెరిచి, అద్దం తుడిచి, నూగు తీసే దారం చేతికి చుట్టుకుని కూతురిని పిలిచింది. భర్త పోయిన నాటినుండి వారికి అన్నం పెట్టినది ఆ గదే. నేడు కూతురు కాలేజీలో లెక్చరరుగా మొదటి పాఠం చెప్పబోతున్నది.

"రావే అమ్మడూ, పైపెదవి మీద నూగు తీసేస్తాను. చిటికెలో పని."

"వద్దమ్మా. ఇకమీదట తీయించుకోను."

"అంటే? మీసంతోనే పాఠం చెబుతావా?"

"పాఠం చెప్పేది నోరు కదమ్మా, మీసం కాదుగా!"

తల్లికి నవ్వు రాలేదు. "త్రెడింగ్ చేసేదాని కూతురే ఇలా తిరిగితే నా గడప ఎవరు తొక్కుతారే? అంత పంతమైతే పెరటి దారిన పో. వచ్చినవాళ్ళ కంట పడకు."

కూతురి ముఖం వాడిపోయింది. "నేనంటే అంత సిగ్గుగా ఉంటే పెరటి దారి మాత్రం ఎందుకులే. హాస్టల్లో చేరిపోతాను," అని పెరటి తలుపు తీసుకుని కాలేజీకి వెళ్ళిపోయింది.

ఆ మాట తల్లి గుండెలో ములుకై నిలిచింది. మధ్యాహ్నం వీధి చివరి దర్జీ ఆవిడ తన చిన్నకూతురిని రెక్క పట్టుకుని తీసుకువచ్చింది.

"అక్కా, బళ్ళో దీన్ని మీసాలరాయుడని ఏడిపిస్తున్నారట. కాస్త తీసిపెట్టు."

పిల్ల కుర్చీ ఎక్కి, కళ్ళు మూసుకుని, గుప్పిళ్ళు బిగించింది. దారం తగలకముందే, "నేను ఏడవను ఆంటీ," అన్నది.

తల్లి చేయి ఆగిపోయింది. తన బిడ్డ కూడా చిన్ననాడు అదే కుర్చీలో అచ్చం అలాగే కూర్చునేది. ఎంత ధైర్యం నా తల్లిదని తాను మురిసిపోయేదే గాని, అది ధైర్యమో భయమో ఒక్కనాడూ అడిగి ఎరుగదు.

"ఏడిపించేవాళ్ళ నోళ్ళు కడగాలి గానీ, ఈ పిల్ల పెదవి ఏం పాపం చేసిందమ్మా? పెద్దయ్యాక తనకే కావాలనిపిస్తే అప్పుడు రానీ," అని పిల్లను మెల్లగా కిందికి దించింది.

సాయంత్రం కూతురు బట్టలు సర్దుకుంటుండగా తల్లి వచ్చి పక్కన కూర్చున్నది.

"చిన్నప్పుడు నొప్పి పుట్టేదా?"

"పుట్టేది."

"మరి ఒక్కసారైనా ఏడవలేదేమే?"

"నువ్వు మెచ్చుకునేదానివి కదమ్మా."

తల్లి కన్నీరు ఆగలేదు. "నా బుద్ధి గడ్డి తిన్నది తల్లీ. నన్ను వదిలి వెళ్ళకే."

"నీ చేతి కష్టమే కదమ్మా నన్ను ఇంతదాన్ని చేసింది. నిన్ను వదిలి ఎక్కడికి పోతాను?" అంటూ కూతురు ఆమె చెంపను ముద్దుపెట్టుకున్నది.

ఆ నూగు చెంపకు మెత్తగా తగిలింది. ఇన్నేళ్ళూ తన చేతులతోనే తీసివేసిన ఆ మెత్తదనాన్ని తల్లి అప్పుడే మొదటిసారి ఎరిగింది. ఇటువంటి బిడ్డను తన ఒడిలో వేసిన దేవికి మనసులోనే చేతులు జోడించింది.

ఈ కథ విన్న ప్రతి ఇంటా ఆడబిడ్డ తలెత్తి నడుచుగాక! ఆమెను కన్నవారి కడుపు చల్లగా ఉండుగాక!