చెయ్యి ఉండాల్సిన చోటు

కాకినాడ సముద్రపు గోడ వెనక ఇళ్లల్లో ఇప్పుడు కిటికీ అద్దాలే సినిమాలు చూపిస్తున్నాయి. ఏం లాభం? ప్రతి ఇంట్లోనూ తెరుచుకోని పాత వీడియోలు గుట్టలుగా పడి ఉన్నాయి. అవి 'రెప్ప' అనే ఫార్మాట్‌లో తీసినవి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఏనాడో మూతపడింది, దాని రహస్యమూ కంపెనీతోపాటే మట్టిలో కలిసింది.

హంసవేణికి వాటిలో ఒక్కటి తెరుచుకుంటే చాలు. తుఫాను రోజున పడవలు లోపలికి రాకముందే ఆమె తండ్రి గోడ గేటు మూసేశాడని, కంపెనీ మూతపడకముందు ఆ వీడియో చూసే విచారణ సంఘం తేల్చింది. ఆ నింద మోస్తూనే ఆయన పోయాడు. అసలేం జరిగిందో కళ్లారా చూసి తీరాలని ఆమె పంతం పట్టింది.

పని మహా విసుగు. పాత రెప్ప కెమెరా ముందు తెల్ల పళ్లెం పెట్టి తీసేది. అందులో ఒక మినపగింజ వేసి మళ్లీ తీసేది. రెండు ఫైళ్లలో ఏ బిట్లు మారాయో 'విప్పరి' అనే యంత్రం పోల్చి చెప్పేది. గింజ జరిపి మళ్లీ, వెలుగు మార్చి మళ్లీ. అలా ఏళ్లు గడిచాక ఆ మొండిఘటం లొంగింది.

"తెరుచుకుందండీ!" అని కేకేశాడు తోటి శాస్త్రవేత్త ఏసుపాదం. ఆ రోజు మునిగిన పడవల్లో అతని పెదనాన్నా ఉన్నాడు.

తెర మీద తండ్రి కనిపించాడు, గేటు మీట కనిపించింది. చెయ్యి ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు మచ్చ.

"అక్కడేమీ రికార్డు కాలేదు," అంది విప్పరి. "ఫైలు చిన్నదవడానికి రెప్ప కొన్ని ముక్కలు వదిలేసేది. చూసేవాళ్ల కంటి కదలికలు చదివి, వాళ్లు ఎదురుచూస్తున్న బొమ్మతో ఆ ఖాళీని దానిలోని 'పూరకం' అనే ప్రోగ్రాం నింపేది. కంపెనీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పూరకాన్ని కూడా తిరిగి కట్టాను. వెయ్యమంటారా?"

ముందు ఏసుపాదం కూర్చున్నాడు. "మూసేశారండీ... మీట కిందకి లాగేశారు. మీకెలా చెప్పనండీ?" అంటూ కుర్చీలోంచి లేచిపోయాడు.

తర్వాత హంసవేణి కూర్చుంది. గేటు మూసుకోకుండా తండ్రి రెండు చేతులతో మీటని పైకెత్తి పట్టుకుని పెనుగులాడుతున్నాడు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"అయితే ఆ సంఘంవాళ్లు చూసింది?" అని అడిగింది.

"వాళ్లు ముందే అనుకున్నది," అంది విప్పరి.

హంసవేణి కళ్లు తుడుచుకుంది. "మచ్చ మచ్చలాగే ఉంచి సంఘానికి పంపు."

"అలాగైతే ఆయన తప్పు లేదని కూడా తేలదు కదండీ?" అన్నాడు ఏసుపాదం.

"తేలకపోతే పోనీవయ్యా. లేనిదాన్ని చూసి నింద వేశారని తేలితే చాలు. నేను చూసిందీ లేనిదే."

సంఘం తీర్పు రద్దు చేసింది. అంతే, జనం పాత వీడియోలు పట్టుకుని ఎగబడ్డారు. "మచ్చలొద్దు తల్లీ, నింపేసి ఇవ్వు," అని ఒకటే బతిమాలడం. హంసవేణి ససేమిరా అంది. అందరినీ పంపించేసి తలుపు వేసుకుంది.

"పూరకాన్ని చెరిపెయ్యి. ఒక్క ముక్క కూడా మిగలకూడదు."

"సరేనండీ. మొదలుపెడుతున్నాను."

"ఆగు. ఒక్కసారి నాన్నని చూసుకుంటాను. తర్వాత చెరిపేద్దువుగాని."

"నిన్న కూడా ఇదే మాటన్నారండీ," అంది విప్పరి.

హంసవేణి వినిపించుకోలేదు. కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది.