కుల్ఫీ బండి మంచు

విశ్వనాథం గుండెల్లో తూటా దించినవాడు ఆరేళ్ళు ఆయన ఇంట్లో అన్నం తిన్నవాడే. పేరు హర్ష, టీకాల శాస్త్రవేత్త అయిన ఆయనకి ల్యాబ్ అసిస్టెంటు. పది రోజుల తర్వాత, 1992 మేలో, చీఫ్ ఆ కేసును విశ్వనాథం తమ్ముడు, ఏజెంట్ సూర్యానికే అప్పగించాడు.

"హర్ష ఎత్తుకెళ్ళింది వైరస్ కోర్ ప్రొటీన్. ఉప్పు తగిలితే ముక్కలన్నీ వాటంతటవే అతుక్కుని బంతులవుతాయి. మీ అన్న టీకాకి వాడింది తోక కత్తిరించిన రకం, లోపల ఖాళీ. ఇది తోక ఉన్న రకం. అతుక్కునే ముందు విషం కలిపితే తోక దాన్ని లోపలికి లాక్కుంటుంది."

"ముందే అతుక్కుపోతే?"

"విషం దూరదు. సరుకు చెత్త. హర్ష నాకు ప్రాణాలతో కావాలి."

"అలాగే సార్. ముందు వాడి నోట్లో మట్టి కొట్టాలి" అన్నాడు సూర్యం పళ్ళు నూరుతూ.

హర్ష దాక్కున్న బిలాస్‌పూర్ సూర్యం పుట్టిపెరిగిన ఊరు. తెల్లగడ్డం అతికించుకుని ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద కుల్ఫీ బండి పెట్టాడు. పైన రిటైరింగ్ రూములో హర్ష. సరుకు కొనే విదేశీయుడు వచ్చే మెయిలు నాలుగు గంటలు లేటు. హర్ష ఫ్లాస్కులో ఉప్పులేని చల్లటి నీళ్ళు, అందులో పలచటి పొర సంచీ, సంచీలో ప్రొటీన్. ఎండకి ఆ నీళ్ళు వేడెక్కుతున్నాయి; చల్లదనం పోతే ప్రొటీన్ పాడవుతుంది.

నల్లకళ్ళద్దాలు, షిఫాన్ చీర. హర్ష ముఠా తమ మనిషే అనుకుంటున్న ఏజెంట్ ప్రసూన మెట్లు దిగి వచ్చింది.

"బిల్హా లోకల్ వెళ్ళిపోయిందా?"

"లేదమ్మా. డ్రైవరు చాయ్ తాగతన్నాడు."

కోడ్ కలిసింది.

"ఐస్ కావాలట. శుభ్రంగా ఉండాలట."

"అచ్ఛా! మా ఐసుకేటి లోటు మేడమ్?"

కుల్ఫీ గట్టిపడాలని బండివాళ్ళు మంచులో గుప్పెళ్ళకొద్దీ ఉప్పు కలుపుతారు. ఆ మంచు నోట పెట్టకూడదని రైల్వే క్వార్టర్స్‌లో పసిపిల్లకైనా తెలుసు. ఏసీ ల్యాబులో పెరిగిన హర్ష ఏనాడూ కుల్ఫీ బండిలోకి తొంగి చూసినవాడు కాదు. ప్రసూన తెచ్చిన మంచు తెచ్చినట్టే ఫ్లాస్కులో కుమ్మరించాడు. అది కరిగింది. ఉప్పు ఆ పొర దాటి సంచీలోకి పోయింది.

మెయిలు వచ్చింది. విదేశీయుడు గదికొచ్చి, ఒక చేత్తో విషం నింపిన సిరంజి పట్టుకుని, రెండో చేత్తో సంచీ పైకి తీశాడు. నీళ్ళలా తేటగా ఉండాల్సిన ప్రొటీన్ పాలలా తెల్లబడి ఉంది. సూది సంచీకి వెంట్రుకవాసిలో ఆగింది.

"అతుక్కుపోయింది. ఇక ఇందులో ఏమీ పట్టదు" అని అతను తలుపు తీశాడు. తలుపవతల రైల్వే పోలీసులున్నారు.

హర్ష పిస్టల్ పక్కనే ఉన్న ప్రసూన వైపు లేచింది. పోలీసుల వెనక నుంచి దూసుకొచ్చి సూర్యం కుల్ఫీ డబ్బాతో వాడి మణికట్టు విరగ్గొట్టాడు. అన్న పోయాక అతను హాయిగా ఊపిరి పీల్చుకున్నది ఆ క్షణమే.

గడ్డం పీకేసి, డబ్బాలో మిగిలిన మంచుముక్క ఒకటి హర్ష నోట్లో కుక్కాడు. హర్ష మొహం వికారంగా మారింది.

"ఉప్పు..."

"ఆరేళ్ళు తిన్నావు కదరా మా అన్న ఇంట్లో! ఇప్పుడేటి, కొత్తగా ఉందా?"