పది గంటల గీతకి ఇవతల

"ఇది బాంబు కాదు. బాంబుకి చెవి," అన్నాడు పెద్దాయన, అగ్గిపెట్టంత డబ్బాని బల్ల మీద పెట్టి. "ఒకే ఒక్క స్వరం కోసం కాచుకుని ఉంటుంది. అది ఊగకుండా ఒక గుక్కంత సేపు వినిపిస్తే పేలుస్తుంది. రేడియో లేదు, మన జామర్లు దండగ. దీని కవల సాయంత్రం కచేరీ హాల్లో ఎక్కడో ఉంది. ముందు వరసలో రక్షణ మంత్రి."

"కచేరీ ఆపేస్తే?" అన్నాడు ఏజెంట్ పిల్లి.

"విదేశీ ముఠా జారుకుంటుంది. ఇంకోచోట పెడుతుంది. నువ్వు పియానో శ్రుతి చేసే ట్యూనర్ వేషంలో వెళ్తున్నావు. వాయించేది ఎవరో తెలుసుగా?"

తెలుసు. సొంత అక్క. తమ్ముడు బీమా కంపెనీలో ఫైళ్ళు మోస్తున్నాడని నమ్మే అమాయకురాలు.

ల్యాబ్‌లో ఇచ్చిన చేతిగడియారానికి ముళ్ళు లేవు, గంటల అంకెల చోట పన్నెండు గీతలున్న తెర ఉంది. సైంటిస్టమ్మ ఒక లావుపాటి తీగని మీటింది. తెర మీద చుక్కలు వెలిగాయి.

"పన్నెండు గీతలూ పియానో కీలు. తీగ మోగితే దాని ఓవర్‌టోన్లు, అంటే పై స్వరాలు, కూడా సన్నగా మోగుతాయి, అవే ఈ చుక్కలు. మూడోది ఏడు గంటల గీతకి వెంట్రుకవాసి అవతల. అయిదోది నాలుగుకి కాస్త ఇవతల. మరి ఏడోది?"

ఆ చుక్క తొమ్మిదికీ పదికీ మధ్య, పది గీతని అందుకోలేక, ఒంటరిగా వేలాడుతోంది.

"ఏ కీ నొక్కినా ఇది విడిగా పలకదు. అందుకే చెవి దీనికే కట్టారు. మామూలు పాటకి పేలదన్నమాట. కావాలని పలికించాలి."

హాల్లో అక్క నడుం మీద చెయ్యి వేసుకుని ఎదురైంది. "ఏరా, బీమా వాళ్ళు తరిమేశారా?"

"పార్ట్ టైమ్, అక్కా."

"ముందు చేతులు కడుక్కో. తర్వాత ముట్టుకో."

వేదిక తెర వెనక నల్లపట్టు గౌనులో గాయని వచ్చింది. మనిషి కంటే ముందు సెంటు వచ్చింది. ముఠాలో మన మనిషి ఆవిడే.

"పియానోకి జలుబా?" అంది.

"లేదు, గొంతు సవరించుకుంటోంది," అన్నాడు పిల్లి. కోడ్ కుదిరింది.

"హార్న్ బూర వాయించేవాడే వాళ్ళవాడు," అని గుసగుసలాడింది. పాపం హార్న్‌వాడు, నోట్లో బిస్కెట్టుండగానే పోలీసు వ్యానెక్కాడు. పిల్లి ఊపిరి పీల్చుకున్నాడు.

చివరి పాట. బాల్కనీలో తలుపు పక్కన నిలబడి పాడతానని గాయనే పట్టుబట్టింది, ప్రతిధ్వని బాగుంటుందట. కింద అక్క మెల్లగా వాయిస్తోంది. పిల్లి అలవాటుగా గడియారం చూశాడు.

గాయని గొంతు చుక్క పది గీత మీద ఉంది. నెమ్మదిగా కిందికి జారింది. తొమ్మిదికీ పదికీ మధ్య ఆగింది. మేకు కొట్టినట్టు.

బాల్కనీ ఎందుకో, తలుపు పక్కనే ఎందుకో ఒక్కసారిగా అర్థమైంది. చెవి ఎక్కడుందో కూడా. ఆవిడ దూరంగా తప్పుకున్న చోటే: వేదిక చెక్కల కింద, అక్క కాళ్ళ దగ్గర.

పైకి పరిగెత్తే వ్యవధి లేదు. శిక్షణలో ముసలి ట్యూనర్ అన్న మాట బుర్రలో మెరిసింది: దగ్గర స్వరాలు రెండు కలిస్తే శబ్దం ఊగుతుంది. ఆ ఊపుని చంపడమే ట్యూనర్ పని. ఇప్పుడు దాన్నే పుట్టించాలి!

పిల్లి వేదిక మీదికి దూకాడు. అక్క భుజం మీదుగా వంగి పది గంటల కీని టంగున మోదాడు. గాలి వావ్ వావ్ మని ఊగింది.

"ఒరేయ్!" అక్క చేతి మీద కొట్టింది. మళ్ళీ మోదాడు. అక్క గిల్లింది. మళ్ళీ. మంత్రి చెవులు మూసుకున్నాడు. గాయని గుక్క తెగింది. రెండో గుక్క తీసుకునేలోపు, పిల్లి సైగ అందుకున్న పెద్దాయన మనుషులు ఆవిడకి చెరోవైపు నిలబడ్డారు.

హాలు ఖాళీ చేయించి, తలుపులు మూసి చెక్కలు ఊడదీశారు. చెవి అక్కడే ఉంది, ఇంకా ఆశగా వింటూ.

బయట పెద్దాయన కరచాలనం చేశాడు. "అక్కకి నిజం చెప్పకూడదు. రూలు."

"మరి ఏం చెప్పను?"

పెద్దాయన కారెక్కి అద్దం పైకెత్తేశాడు. అవతల అక్క ఫోన్ పట్టుకుని వస్తోంది. "అమ్మ లైన్లో ఉంది. నా కచేరీ ఎందుకు చెడగొట్టావో తనకే చెప్పు."

అయిదు దేశాల జైళ్ళలో నోరు విప్పని పిల్లి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటూ అడిగాడు, "అమ్మా, ముందు ఏడవనని మాటిస్తావా?"