మెలుపా గుట్ట మీది టవర్

మలేసియా సర్కారు కొలువుండే పుత్రజయలో ఏడో అంతస్తు. తలుపు మీద బోర్డు లేని గది.

“గురువారం మధ్యాహ్నం పన్నెండు. మంత్రిగారు ఇక్కడ బటన్ నొక్కుతారు. సరవాక్ అడవిలో, మెలుపా గుట్ట మీద మొదటి ఫోన్ టవర్ లేస్తుంది. దేశమంతా టీవీలో చూస్తుంది,” అంది చీఫ్, పువాన్ రొహైజాన్. “లేచిన నిమిషానికే దాన్ని చంపాలని ఒక విదేశీ ముఠా కాచుక్కూచుంది.”

“చస్తే?” అడిగాడు ఏజెంట్ లాంటింగ్.

“సాయంత్రానికి కేబినెట్ పాలసీ తిరగబడుతుంది. ఇప్పుడు అడవి ఊళ్లకి ముందు, పట్టణాలకి తర్వాత. నెట్‌వర్క్ సర్కారుది. రేపు అంతా తలకిందులు. నెట్‌వర్క్ ఆ ముఠా వెనకున్న కంపెనీది. మీ నది ఎగువనున్న ఊళ్ల వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.”

మూడేళ్ల క్రితం ఆ ఎగువ ఊళ్లలో ఒకచోటే లాంటింగ్ చెల్లెల్ని పాము కరిచింది. సిగ్నల్ కోసం ఆమె భర్త నలభై నిమిషాలు గుట్ట ఎక్కాడు. హెలికాప్టర్ వచ్చేసరికి ఆమె లేదు. రెండో టవర్ ఆ ఊరికే రావాలి, మొదటిది నిలబడితేనే.

“మనిషెవరు?”

“సైట్ ఇంజినీర్ ఫోంగ్. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న సెలెస్తీన్ కబురు పంపింది. మీ ఇబాన్ తెగ పిల్లే, కపిట్ దగ్గర లాంగ్‌హౌస్‌లో పుట్టి పెరిగిందట. నువ్వక్కడ జనరేటర్ మెకానిక్ వేషంలో ఉంటావు. పద.”

గురువారం, పదింబావు. లాంటింగ్ మెకానిక్‌గా దిగి రెండ్రోజులైంది. పడవ దిగేచోట నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, బురదంటని బూట్లు. ఇంజినీర్ వేషం కట్టినా సెలెస్తీన్ అందం దాగలేదు.

“మిడిన్ ఆకుకూర దొరుకుతుందా?” అన్నాడు లాంటింగ్.

“వానొస్తేనే.” కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. “ఫోంగ్ దగ్గర గోరంత కార్డ్ ఉంది. టవర్ కింద ఇనప పెట్టెలో గుచ్చితే, టవర్‌ని చంపే ప్రోగ్రాం ఎక్కడానికి నాలుగు నిమిషాలు. ఫోంగ్‌ని నువ్వు కట్టెయ్. పెట్టెని నేను చూసుకుంటా.”

పదకొండు ఇరవైకి ఫోంగ్ డీజిల్ స్టోర్‌లో ఉన్నాడు, చేతులు కట్టేసి. “నేనేం చేశానయ్యా బాబూ! పొద్దున్నించీ టీ కూడా తాగలేదు!” జేబులు, బూట్లు, టోపీ అన్నీ వెతికాడు లాంటింగ్. కార్డ్ లేదు.

“ఎక్కడో దాచుంటాడులే,” అంది సెలెస్తీన్, గడియారం చూసుకుంటూ.

ఇద్దరూ, ఊరంతా ఒకే కప్పు కింద కాపురముండే లాంగ్‌హౌస్ వరండాలోంచి వస్తుంటే ఊరి పెద్ద భార్య ఇందాయ్ సులావ్ అడ్డుపడింది. చేతుల్లో పళ్లేలు. అన్నం, వెదురు బొంగులో వండిన కోడి.

“ఏమ్మా, ఎముకల పోగులా ఉన్నావ్! కూచో. జనరేటరబ్బాయ్, నువ్వూ కూచో. ఆ డబ్బా రెండ్రోజుల్నించీ నిన్ను ఏడిపిస్తూనే ఉందిగా!”

“అయ్యో, నాకొద్దు ఇందాయ్, డైటింగ్!” సెలెస్తీన్ తియ్యగా నవ్వి, చెయ్యి అడ్డంగా ఊపి, గుట్ట వైపు వెళ్లిపోయింది.

ఇందాయ్ మొహం పాలిపోయింది. “ముట్టుకోలేదే!” అంది గుసగుసగా.

లాంటింగ్ తల తిప్పి ఆమె వెళ్లిన వైపు చూశాడు. పెట్టిన అన్నం వద్దనుకుంటే మానెయ్యొచ్చు, కానీ వేలికొసతో పళ్లెం అంచైనా తాకి పోవాలి. తాకకపోతే పామో మొసలో కాచుకుని ఉంటుందని ఆ నది మీద పుట్టినవాళ్లకి తల్లిపాలతోనే ఎక్కుతుంది. కోపంలో ఉన్నా తాకుతారు, ఫోన్లో మాట్లాడుతూ కూడా తాకుతారు. చెల్లెలు పోయినప్పుడు ఊరు ఆ మాటే అంటే లాంటింగ్ అందరితో పోట్లాడాడు, పాముదీ కాదు, అన్నానిదీ కాదు, తప్పు సిగ్నల్‌ది అని. నమ్మకపోవడం వేరు. వేలు దానంతటదే వెళ్లకపోవడం వేరు.

సెలెస్తీన్ లాంగ్‌హౌస్ పిల్ల కాదు. అది అబద్ధమైతే ఫోంగ్ సంగతీ అబద్ధమే. పెట్టె దగ్గర ఉండాల్సిన ఒక్క మనిషినీ తనే కట్టేసి వచ్చాడు!

“నా బుద్ధి గడ్డి తినా!” వడ్డించిన పళ్లెం మీంచి దూకి పరిగెత్తాడు.

పదకొండు యాభై నాలుగు. గుట్ట మీద పెట్టె తలుపు తెరిచి ఉంది. సెలెస్తీన్ ఎడమచేతిలో పిస్తోలు, ఎదురుగా స్క్రీన్. అరవై శాతం. డెబ్బై.

అటు పరిగెత్తితే తూటా ఖాయం. లాంటింగ్ పొదల చాటున జనరేటర్ దగ్గరికి పాకి డీజిల్ గొట్టం మూసేశాడు. కరెంటు పోతే ఆదుకోవాల్సిన బ్యాటరీలు ఇంకా కపిట్ రేవులోనే ఉన్నాయి. జనరేటర్ దగ్గి ఆగింది. తొంభై ఒకటి దగ్గర స్క్రీన్ నల్లబడింది.

ఆమె గిర్రున తిరిగింది. అప్పటికే లాంటింగ్ విసిరిన పానా గాల్లో ఉంది. అది మణికట్టుకి తగిలి పిస్తోలు గడ్డిలో పడింది. రెండో నిమిషంలో బేడీలు పడ్డాయి. కార్డ్ అతని బూటు కింద నుగ్గయింది.

పదకొండు యాభై ఎనిమిది. ఇప్పుడు కరెంటు కావాలి. గొట్టం తెరిచి జనరేటర్ తాడు లాగాడు. కిక్కురుమనలేదు. మళ్లీ లాగాడు. పొగ.

“పాపం, మెకానిక్!” నవ్వింది సెలెస్తీన్.

“లేవవే తల్లీ, మా చెల్లెలి మీదొట్టు!” మూడోసారి ఒళ్లంతా బలం పెట్టి లాగాడు. జనరేటర్ గర్జించింది. టవర్ కొసన ఎర్రదీపం వెలిగింది. సరిగ్గా పన్నెండు.

లాంటింగ్ కళ్లు చెమ్మగిల్లాయి. ఇక ఎవరూ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కక్కర్లేదు.

“ఎక్కడ దొరికాను?” అడిగింది సెలెస్తీన్.

“అన్నం దగ్గర.”

జేబులో ఫోన్ మోగింది. ఆ టవర్ మీదికి వచ్చిన మొట్టమొదటి కాల్.

“ఏరా జనరేటరబ్బాయ్!” ఇందాయ్ సులావ్ గొంతు. “పళ్లెం మీంచి గెంతి పోయావే, నువ్వు మాత్రం ముట్టుకున్నావా? వచ్చి తాకి చావు!”

పాలసీ గండం గట్టెక్కింది. దేన్నీ నమ్మని లాంటింగ్ మాత్రం గుట్ట దిగేదాకా ప్రతి గడ్డిదుబ్బునీ చూసుకుంటూనే అడుగేశాడు.