వెనక్కి జరిగిన డప్పు

స్టేషన్ ఘన్‌పూర్ రైలుస్టేషన్ పక్కన అప్పట్లో పల్లికాయల గోదాం ఒకటి ఉండేది. సాయుధ పోరాటం ఇంకా పూర్తిగా చల్లారని ఆ వానాకాలంలో, ఊళ్లు నెమ్మదించాయని లోకానికి వినిపించాలని సర్కారుకు బుద్ధి పుట్టింది. అందుకని రేడియోవాళ్లు ఆ గోదాంలో మైకు పెట్టారు. దీపాలు పెట్టే వేళకు డప్పుల మేళం, స్టేషన్ తీగ మీదుగా నేరుగా హైదరాబాదుకు.

మోతల పాళ్లు చూసుకునే మనిషి రాజలింగం. ఇప్పుడైతే ఒక్కో వాయిద్యానికి ఒక్కో మైకు. వేలితో మీట జరిపితే సరి. అప్పుడు ఉన్నది ఒకటే మైకు, జరపాల్సింది మనుషులను. మోత ఎక్కువైనవాడు ఒక అడుగు వెనక్కి, తక్కువైనవాడు ముందుకు. ప్రసారం మొదలయ్యాక మాట్లాడకూడదు గనుక, అరచేత్తో తోసినట్టు ఊపితే పొమ్మని, వేళ్లు మడిస్తే రమ్మని. ఏళ్ల అలవాటు మీద రాజలింగం చెయ్యి తనంతట తానే ఊగేది.

అతనిది దేవరుప్పుల. పెళ్లిళ్లకూ చావులకూ డప్పు కొట్టి చదివించింది అన్న పోశాలు. దొర గడీలో ఒకసారి పోశాలు ఎడమచేతి వేళ్లు విరగ్గొట్టారు. అప్పటినుంచి ఆ చేతిలోని సన్నపుల్ల ఒక తృటి ఆలస్యంగా పడేది. కుంటివాడు నడిచినట్టుండే ఆ దెబ్బ ఊరవతల విన్నా అన్నదేనని తెలిసేది. సర్కారు తుపాకులవాళ్లు వస్తున్నారంటే ఊరిని లేపింది ఆ డప్పే. కిందటేడు ఆ తుపాకులవాళ్లే అతన్ని లారీలో ఎక్కించుకుపోయారు. మనిషి రాలేదు. పీనుగూ రాలేదు. తల్లి దుర్గమ్మ దినాలు చెయ్యనివ్వలేదు.

ఆ సాయంత్రం ఆమె కూడా వచ్చి కూర్చుంది, ఒడిలో పోశాలు డప్పుతో.

"గది ఎందుకు తెచ్చినవే అవ్వా?"

"రోజూ మంటకు కాపుతున్న బిడ్డా. తోలు సల్లబడితె వాడొచ్చినంక ఏం కొడ్తడు?"

రాజలింగం తల తిప్పుకున్నాడు. గడ్డి మంట దగ్గర మేళం పెద్ద సాంసన్ డప్పు కాపుతున్నాడు. డప్పు మానుకోమని పాదిరి ఎంత చెప్పినా మానలేదు ఆయన; అది వేరే కథ.

"ఏం తమ్మీ, పట్నం పోయి మమ్ముల ఎనుకకు నూకే కొలువు సంపాయించినవా?" అన్నాడు నవ్వుతూ. "మీ అన్నుంటె ఆ మైకునే ఎనుకకు నూకేటోడు."

ప్రసారం మొదలైందని ఎర్రదీపం వెలిగింది. రాజలింగం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాడు. బయట వాన. కమిలిన తోలు వాసన, తడిసిన గోనెసంచుల ముక్క వాసన. నాలుగు డప్పులు ఒక్క మనిషిలా నడుస్తున్నాయి.

ఉన్నట్టుండి ఒక డప్పు మైకును ఆనుకుని మోగింది. మిగతావి మునిగిపోయాయి. కళ్లు తెరవకుండానే అరచెయ్యి ఊపాడు. తగ్గలేదు. ఇంకా దగ్గరగా... ఎవరిదో ఊపిరి మైకుకు తగులుతోంది. మళ్లీ ఊపాడు.

కళ్లు తెరిచాడు.

సాంసన్, మిగతా ముగ్గురూ గోడకు ఆనుకుని ఉన్నారు. వాళ్లు జరగడానికి ఇక చోటు లేదు. మైకు దగ్గర ఎవరూ లేరు... మోత మాత్రం అక్కడే ఉంది.

భయానికి చెయ్యి మళ్లీ లేచింది. వెనక్కి. వెనక్కి పో.

ఈసారి విన్నది. ఒక అడుగు జరిగింది. ఇంకో అడుగు... చెప్పిన మాట వినే పిల్లవాడిలా. మోత తగ్గాక గాని దాని నడక అతనికి తెలియలేదు. సన్నపుల్ల... ఒక తృటి ఆలస్యంగా.

అన్న.

వేళ్లు మడిచాడు. రా. రెండు చేతులా పిలిచాడు. ఆ పిలుపు చూసింది బతికున్న నలుగురు. హుషారుగా వాయిస్తూ గోడ దగ్గరి నుంచి ముందుకొచ్చేశారు. వద్దని అరవబోయాడు. ఎర్రదీపం చూసి నోరు మూసుకున్నాడు. వాళ్ల మోతలో ఆ కుంటిదెబ్బ మునిగిపోయింది.

ఎర్రదీపం ఆరింది. మేళం బయటికి పోయింది. మైకు తీగ ఊడబీకి, రాజలింగం తల్లి ముందు కూలబడ్డాడు.

"వచ్చిండు గదరా," అంది దుర్గమ్మ, గుసగుసగా.

"నీకు కనవడ్డడా?"

"కనవడలె. ఒళ్లె డప్పు ఎచ్చగైంది. నువ్వు చెయ్యి ఊపంగ ఊపంగ జర జర సల్లబడ్డది."

అతని చెయ్యి పట్టుకుని తోలు మీద పెట్టింది. వానలో నానినట్టు వదులుగా, చల్లగా ఉంది.

"గన్ని దినాలకు వస్తె... ఎందుకు బిడ్డా ఎనుకకు పొమ్మన్నవు?"

గోడకున్న ఫోను మోగింది. హైదరాబాదులో ప్రసారం వింటున్న ఉద్యోగి.

"మేళం చాలా బాగుందండీ. ఆ చివరాయన ఇంకా వాయిస్తున్నారే, ఆపించకండి. వినీ వినబడనట్టుంది, కాస్త మైకు దగ్గరికి రమ్మనండి."

సాంసన్ వాళ్లు గోదాం బయట చూరు కింద బీడీలు ముట్టించుకుంటున్నారు. ఊడబీకిన తీగ కొస ఇంకా రాజలింగం చేతిలోనే ఉంది.

"త్వరగా పిలవండి," అంది ఫోను. "ఆయన దూరమైపోతున్నారు..."